సదును చేసిన ఇసుక

మెట్‌పల్లి,
1961, వైశాఖం.

పూజ్యురాలైన అమ్మకు నర్మద నమస్కరించి రాసేది.

అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. మీ అల్లుడు కోర్టుకు పోయి వస్తున్నారు. అత్తమ్మ చింతపండు గింజలు తీయిస్తున్నది. బెల్లంపల్లిలో నువ్వూ బాపూ కులాసా అని తలుస్తాను.

ముందు నువ్వు ఉత్తరంలో అడిగినవాటికి జవాబు. పాలు ఆగిపోయాయి. మంత్రసాని శంకరవ్వ రొమ్ములకు మల్లెపూలు కట్టింది. అన్నం తింటున్నాను. నిద్ర పడుతోంది, ఎక్కువే పడుతోంది. ఏడ్చావా అని మొదట్లో ఒకసారి, చివర ఒకసారి అడిగావు. లేదమ్మా. చేతి మీద పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడు, ఒళ్లంతా అట్లా ఉంది. గిల్లితే తెలుస్తుంది కానీ నొప్పి లేదు.

ఇక్కడ అందరూ మంచివాళ్లే. బాబు పోయాక నువ్వు వచ్చి, ఉండి, తిరిగి వెళ్లిన మరునాడే ఉయ్యాల ఎవరికో ఇచ్చేశారు. బొంతలు, కుల్లాయి కనబడలేదు. నేను అడగలేదు. అత్తమ్మ నా తలకు నూనె పెడుతూ మెల్లగా అన్నది: "ఇరవై ఒకటోనాడు రాకముందే పాయె. పేరు సుత పెట్టని పిల్లగాడు. ఇంకేం యాదిచేసుకుంటవు బిడ్డా, మరిచిపో." సరే అన్నాను.

అప్పుడు నాకు మన బెల్లంపల్లి గనుల క్లబ్బు గోల్ఫు మైదానం గుర్తొచ్చింది. కొంగు నడుముకు దోపి నువ్వు కర్ర ఎత్తితే దొరలు కూడా మాటలు ఆపి చూసేవారు. నిన్ను ఓడించిన మగవాడు ఆ క్లబ్బులో లేడు. బంతి పడాల్సిన గుంతలో గుచ్చే జెండా నీ వెంట మోసింది నేను. ఎండలకు గడ్డి నిలవదని గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుక పోసేవారు కదా. ఆట అయ్యాక మన అడుగులు, బంతి గీసిన చారలు పోయేటట్టు గోనెపట్ట లాగి సదును చేయాలి. అందరూ ఆ పని నౌకర్లకు వదిలేసేవారు, నువ్వు నాచేత చేయించేదానివి. "మన జాడ ఎనుకొచ్చేటోళ్లకు అడ్డం రావద్దు" అనేదానివి.

బంతి ముళ్లపొదలో పడితే అక్కడి నుంచే కొట్టడం, దెబ్బ తప్పితే మొహం ముడుచుకోకపోవడం, గెలిస్తే గొంతు పెంచకపోవడం, నాకు తెలిసిన మర్యాదంతా ఆ మైదానంలో నేర్చుకున్నదే. అత్తింట్లో ఎవరైనా మెచ్చుకుంటే అది నీకే చెందుతుందని అనుకునేదాన్ని.

తమ్ముడు విషజ్వరంతో పోయిన నెలకే నువ్వు కప్పు ఆటకు వెళ్లావు. గెలిచావు. రాతిగుండె అన్నారు క్లబ్బు ఆడవాళ్లు. చివరి గుంత దగ్గర అందరూ చప్పట్లు కొడుతుంటే నా చేతిలోని గోనెపట్ట తీసుకుని నువ్వే లాగావు. ఒకసారి లాగితే సరిపోయేది. లాగుతూనే ఉన్నావు. బాపు వచ్చి నీ చెయ్యి పట్టుకున్నాడు. ఆ వారమే తమ్ముడి ఫోటో గోడ మీది నుంచి తీసేశావు. తరవాత వాడి పేరు మన ఇంట్లో ఎవరూ పలకలేదు. దుఃఖం వస్తే చేయవలసింది ఇదేనని నేను నేర్చుకున్నాను. ఇప్పుడు అదే చేస్తున్నాను, బాగానే చేస్తున్నాను. అందుకే భయంగా ఉంది.

రాయాలా వద్దా అని ఇంతసేపు ఆపుకున్నది ఒకటుంది. బాబుకు నేను పేరు పెట్టుకున్నాను. జ్వరం తగ్గక వాడు కళ్లు తెరవడం మానేసినప్పుడు, ఎవరినీ అడగకుండా, చెవిలో చెప్పాను. జగన్మోహన్ అని. మన జగ్గు పేరే. పోయిన పిల్లవాడి పేరు పెట్టినందుకే వీడూ పోయాడేమోనని నాకే ఒక్కోసారి అనిపిస్తుంది. అందుకే మీ అల్లుడికి కూడా చెప్పలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఏడుపు రావడం లేదు.

నన్ను తీసుకుపోవడానికి కారు పంపుతానన్నావు. ఇప్పుడు వద్దు. కోపం వస్తే తిట్టు, పడతాను. కోపం రాకపోతే ఒక కార్డు రాయి. క్షేమ సమాచారాలు అక్కర్లేదు. వాడి పేరొక్కటి నీ చేత్తో రాసి పంపు. ఈ ఒక్క జాడను చెరపకమ్మా.

ఇట్లు,
జగ్గుకు అక్క, జగ్గుకు అమ్మ,
నీ బిడ్డ నర్మద.