వాగు అవతలి ఈల

అక్కా,

మోకాలి మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. బావ ఈల విన్నాను! రెండు పొట్టివి, ఆ తర్వాత పైకి లాగి వదిలే పొడుగుది. అన్నం వడ్డించమని నీకు దూరం నుంచే వేసేవాడే, అదే ఈల. పిట్టల గొంతులు రికార్డు చేసే మైకు అక్కడే పడేసి పొదలకు అడ్డంపడి పరిగెత్తాను.

చూస్తే కొమ్మ మీద అడవి ఏట్రింత, నల్ల పిట్ట. తోకకు రెండు జెండా ఈకలు వేలాడతాయే, ఆ జాతి. మహా దొంగది. బెరడు గీకే పిట్టల వెంట తిరిగి, బెదిరి లేచిన పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. చాలకపోతే డేగ వచ్చినట్టు అరిచి వాటి నోటి దగ్గర కూడు కాజేస్తుంది. విన్న గొంతునల్లా దించేస్తుంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఏడ్చి, మళ్ళీ దాన్ని చూశాను. దానికింకా జెండా ఈకలు రాలేదు, నెత్తిన జుట్టు నిండలేదు. ఈ ఏడు పుట్టిన పిల్లక్కా అది! చెట్లకు గుర్తులు వేయడానికెళ్ళిన బావ వాగులో పోయాడన్నది పోయినేటి వానల్లో. మరి ఇది ఎవరి దగ్గర నేర్చింది? ఇక్కడి పెద్ద పిట్టలన్నిటినీ ఏడాదిగా వింటున్నాను, ఒక్కటీ ఈ ఈల వేయలేదు. నీకా, ఎంత ఊదినా గాలే వచ్చేది, బావ పడీ పడీ నవ్వేవాడు. అంటే బావ బతికే ఉన్నాడు! శవం కూడా దొరకలేదు కదా!

బావకిచ్చిన ఫారెస్టు క్వార్టర్ ఖాళీ చేయకు. పట్నంలో నీకు చూసిన కుట్టుపని ఎక్కడికీ పోదు. ఆయనొచ్చి తాళం చూస్తే? ఈ ఉత్తరం నీకు తెచ్చే లారీ డ్రైవరన్న తొందరపెడుతున్నాడు, ఉంటాను.

నీ పిట్టలపిచ్చి చెల్లి

ఒసే పిట్టలపిచ్చీ,

సగం వరకు నేనూ నమ్మాను. నీ ఉత్తరం పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత వెలిగింది.

ఆ ఈల నాదే.

ఆయన పోయాక నేర్చుకున్నాను. పెదాలు పగిలేదాకా ఊదితే వచ్చింది. రోజూ సాయంత్రం వాగు ఒడ్డుకెళ్ళి అవతలి అడవిలోకి వేస్తున్నాను, దారి తప్పి ఉంటే వింటాడని. పిచ్చెక్కిందంటావని నీక్కూడా చెప్పలేదు. నీ దొంగ పిట్ట విని దాచుకుంది. నీ ఆశ మీద నీళ్ళు చల్లాను తల్లీ, ఏమనుకోకు.

క్వార్టర్ ఖాళీ చేస్తున్నాను. ఎన్నిసార్లు మూట కట్టి విప్పానో నీకు తెలీదు. నేను పోతే ఆయన్ని పిలిచే దిక్కుండదని ఆగిపోయేదాన్ని.

ఇప్పుడు నీ పిట్ట ఉంది కదా.

అక్క