గురక మామయ్య సీను

మార్చి 3, సోమవారం

ఎడిట్ రూములో పన్నెండో ఎపిసోడ్ వేశారు. శుక్రవారం టెలికాస్ట్. గురక మామయ్య సోఫాలో నిద్రపోతాడు. పోయాడనుకుని ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. జన్మలో ఒక మంచి మాట అనని పక్కింటాయన కూడా ఆకాశానికెత్తేస్తాడు. మామయ్య కళ్ళు మూసుకుని అన్నీ విని, లేచి కూర్చుని, భోజనాలు మొదలెట్టారా అంటాడు.

రాసింది నేనే. పది నెలల క్రితం. కార్టూన్‌తో వచ్చిన చిక్కే ఇది. ఇవాళ రాసిన జోకు ఏడాదికి గానీ తెర మీదికి రాదు. ఆ మామయ్య మా అన్నయ్యే. ఆ పొట్ట, ఆ గురక అన్నీ అన్నయ్యవే. అన్నయ్య పోయి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. నిద్రలోనే, సోఫాలోనే.

రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గులేదు నాకు.

మార్చి 4

వదిన ప్రతి శుక్రవారం మా షో చూస్తుంది. ఆ సోఫా మీద ఇంకా కూర్చోవడం లేదు. సీను తీసేయాలి.

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. సినిమావాళ్ళకైతే వాడని ఫుటేజ్ ఉంటుంది, మనకు గీసింది తప్ప ముక్క కూడా ఉండదన్నాడు. నలభై సెకన్లు తీసేస్తే కొత్తగా నలభై సెకన్లు గీయాలి, మూడు రోజుల్లో. సీజన్ మొత్తానికీ బెస్ట్ సీను అదేనట. నాకు తెలియదా? పోనీ ముందే వదినతో మాట్లాడమన్నాడు. ఏమని? అన్నయ్య చావు మీద జోకు రాశాను, నవ్వుకో అనా?

మార్చి 5, ఉదయం 7

దాని బదులు పక్కింటాయన కుక్కను వెతుక్కునే సీను రాశాను. చప్పిడి. ఉండనీ.

మార్చి 5, సాయంత్రం

ఛానల్ ససేమిరా అంది. అయితే వచ్చే సీజన్ నేను రాయను, ప్రొడ్యూస్ చెయ్యను అన్నాను. నోరు జారలేదు, కావాలనే అన్నాను. తొమ్మిదేళ్ళు పెంచిన షో. సీను తీసేయడానికీ, నేను వెళ్ళిపోవడానికీ, రెండిటికీ ఒప్పుకున్నారు.

మార్చి 6

యానిమేటర్లు గీస్తున్నారు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

మార్చి 7, ఎపిసోడ్ అయ్యాక

వదిన ఫోన్ చేసింది. అప్పట్లో నేను పంపిన స్క్రిప్టు చదివిన రోజే అన్నయ్య ఆ సోఫా సీనంతా ఆవిడకు చెప్పేశాడట. అందుకే పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని చూసిందట. ఒక్కటే అడిగింది.

“మీ అన్నయ్య లేవలేదేం?”