ఫ్రిజ్‌లో లైటు

చెల్లాయికి,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఫ్రిజ్ తలుపు మూయగానే లోపలి లైటు ఆరిపోతుందని ఈ ఉదయం మా వంటగదిలో రుజువైంది.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ఫోన్ మోగితే చాలు, గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నావని బావ చెప్పాడు.

నువ్వు పనిచేసిన ఫ్రిజ్ కంపెనీ ఫిర్యాదుల నంబరుకి పొద్దున ఫోన్ చేశాను. మీ అందరి బదులూ పెట్టిన ఆ ఏఐ గొంతును కాస్త ఏడిపిద్దామనుకున్నాను. ఎప్పటిలాగే ముసలమ్మ గొంతు పెట్టి, "అమ్మాయ్, తలుపు మూశాక లైటు ఆరిందో లేదో నాకెలా తెలుస్తుందే?" అన్నాను. నువ్వయితే నవ్వాపుకుంటూ, "అన్నయ్యా, పెట్టెయ్. మేనేజరు వింటున్నాడు" అనేదానివి. అదేమో, "తలుపు తెరిచి, లోపలి అంచున ఉన్న మీట నొక్కి చూడండమ్మా" అంది. నొక్కాను, ఆరింది.

"ఇదివరకు ఇక్కడ మా చెల్లి మాట్లాడేది, ఏదీ?" అన్నాను, నా సొంత గొంతుతోనే.

"క్షమించండి, మోడల్ నంబరు చెప్పగలరా?" అంది.

ఫోన్ పెట్టేశాను. నా అంతట నేను పెట్టెయ్యడం కొత్తని నీకు తెలుసు.

తర్వాత మీ మేనేజరుతో మాట్లాడాను. నువ్వు లేక జనం గోల పెడుతున్నారట, మళ్లీ పిలుస్తానన్నాడు. లేచి రెండు ముద్దలు తిను.

ఇట్లు,
అన్నయ్య

తా.క. మేనేజరు సంగతి నేను కల్పించాను. అది నమ్మి ఫోన్ పక్కనే కూర్చుండిపోతావేమోనని భయం వేసింది. జనం గోలేమీ పెట్టడం లేదు, వాళ్ల పనులు జరిగిపోతున్నాయి. నీ కోసం అడిగింది నేనొక్కణ్ణే.