మిరపతోటలో మా అక్క

శుక్రవారం, బంద్ రోజు. మానుకోట.

తెలంగాణ బంద్ వల్ల నేను పనిచేసే మిల్లు తెరవలేదు. వాడకట్టంతా మా ఇంట్లో టీవీ ముందే కూర్చుంది. కూలికని ఆడపిల్లలను తీసుకుపోయి అమ్మేసే మేస్త్రిని పట్టుకున్న కేసు, మా దగ్గరదే, నాటకంగా చూపించారు. కూలి వేషంలో తోటలో చేరిన కానిస్టేబులమ్మ నవ్వుకుంటూ మిరపకాయలు కోస్తోంది. నాకు ఒళ్లు మండింది. నిజంగా అయితే ఆమె చేతులు మొదటిరోజే మంటెత్తి పని సాగలేదు. ఆమె పోలీసని తెలిసే, మేస్త్రికి అనుమానం రాకుండా వరస కలిపి వదినా అని పిలుస్తూ, ఆమె వంతు కాయలు కూడా కోసింది మా అక్క. అట్లా మేస్త్రి దొరికి, వాడు అమ్మబోయిన ఇద్దరు ఆడపిల్లలు ఇల్లు చేరారు. టీవీలో అక్క లేనే లేదు.

"ఏం ధైర్యమే ఆమెది!" అంది పక్కింటి ఎల్లవ్వ, అక్క వైపు తిరిగి. "లచ్చీ, నువ్వైతే గట్ల చేస్తువా?"

నేను నోరు తెరవబోతే అక్క నా తొడ గిల్లింది.

"నాతోని ఏడయితదవ్వా? పోలీసోళ్లను చూస్తేనే నాకు జరమొస్తది."

అందరూ నవ్వారు.

వాళ్లు పోయాక అడిగాను. "ఎందుకు చెప్పవక్కా?"

"మేస్త్రి బెయిల్ మీద బయటనే తిరుగుతుండు తమ్మీ. ఆ పోలీసామె నన్ను గూడ మోసం చేసిందని, నేను ఏం తెల్వని కూలిదాన్నని వాడు అనుకుంటుండు. గట్లనే అనుకోనీ. నువ్వు నోరు జారకు."

కానిస్టేబులమ్మ కూలి వేషం తీసేసి ఎప్పుడో యూనిఫాం వేసుకుంది. మా అక్క మాత్రం రోజూ ఆ ఏమీ తెలియని మొహంతోనే పనికి పోతోంది. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. భయంగానూ ఉంది, వాడు ఎప్పుడైనా ఈ వాడకు వస్తే...

రేపు ఎల్లవ్వ మళ్లీ కానిస్టేబులమ్మనే పొగుడుతుంది. పొగడనీ. పళ్లు కొరుక్కుని నేనూ తలూపుతాను.