ఆ గొర్రెపిల్లకు తల్లి యాది?

పెద్దమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇయ్యాల మన గొర్రెల కాడికి గొర్రెల మింద పరిశోధన సేసే మేడం మళ్ళీ వచ్చింది. పోయినసారి వచ్చినప్పుడు పిల్లాతల్లీ అన్నిటికీ రక్తం తీసి, యా పిల్లకు యాది తల్లో నన్నడిగి రాసుకొని పోయింది.

జంటపిల్లల్ని ఈనే గుణం రక్తంలో యాడుందో ఎతుకుతాండారంట. ఒక గొర్రెను సూస్తే తెలీదంట. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా మందలన్నీ సూసి, జంటల్ని ఈనేవాటిలోనే ఎక్కువగా కనపడే గుర్తేదో లెక్కగట్టి పట్టుకుంటారంట. నాకు సగమే తలకెక్కింది.

"అన్నా, నువ్వు సెప్పిన తల్లికీ ఈ పిల్లకూ రక్తం కలవలేదు. లెక్క తప్పిపోతాంది" అనింది మేడం.

దాని కాడే గదా పాలు తాగుతాండేది అనుకుంటి. అప్పుడు గుర్తొచ్చింది. జంటలో ఒకటైన ఈ పిల్లకు పాలు సాలకపోతే, నువ్వు సేసినట్లే, సచ్చిన పిల్ల తోలు దానికి కప్పి, పిల్ల పోయిన గొర్రె ఆ వాసనకు తన పిల్లే అనుకునేట్ల అలవాటు సేసింది నేనే. ఈనింది ఒకటి, పాలిచ్చేది ఒకటి. తల్లి అని దేన్ని సెప్పాల?

తోలు కప్పిన సంగతి సెప్తే, "ఇది నీకెవరు నేర్పినారన్నా?" అనింది మేడం.

"మా అమ్మ" అంటి. నన్ను సాకింది నువ్వే అయినా, ఎప్పుడూ పెద్దమ్మా అనే పిలిస్తి. అమ్మ అనే మాట నోట్లోకి ఎట్లొచ్చిందో తెలీదు. నన్ను కన్నామె ఇప్పుడూ ఆస్పరి ఊర్లోనే ఉంది.

"మీ అమ్మ యాడుంది?" అని అడిగింది.

నిన్ను పూడ్చిన సేనుగట్టు సూపిచ్చినాను.