"దాదాపు" అన్న మాట తీసేసిన నివేదిక గురించి

టెలిఫోను సేవల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నగరమంతటా మొబైల్ ఫోన్లలో ఇంటర్నెట్ అక్కరలేని పాత పద్ధతి కాల్స్ నిలిపివేసి, ఇంటర్నెట్ కాల్స్ మాత్రమే ఉంచుటకు మా కంపెనీ చేసిన నిర్ణయమును ఆపించవలసినదిగా విన్నపము.

1. నేను ఒక మొబైల్ ఫోన్ కంపెనీలో, మార్కెట్ అంచనాల విభాగమునందు పదకొండేళ్ళుగా పనిచేయుచున్నాను. ఇంటర్నెట్ మీదుగా మాట్లాడే కాల్స్‌కు రాబోవు ఐదేళ్ళలో ఎంత గిరాకీ ఉండునో లెక్కగట్టి నివేదిక ఇమ్మని నన్ను ఆదేశించినారు. ఇచ్చితిని. జనం ఇప్పటికే ఇంట్లో, ఆఫీసులో, బస్సులో ఇంటర్నెట్ మీదే మాట్లాడుకొనుచున్నారనీ, ఐదో ఏటికి నూటికి తొంభై ఆరు కాల్స్ అటే మళ్ళుననీ రాసితిని. అందులో అబద్ధమేమీ లేదు. "కాబట్టి పాత పద్ధతి కాల్స్ అవసరం దాదాపు ఉండదు" అన్న చివరి వాక్యము కూడా నాదే.

2. తదుపరి ఒక పేటలో నాలుగు వందల ఇళ్ళను ఎంచి, ప్రయోగార్థము వారి ఫోన్లలో పాత కాల్స్ ఆపివేసి, కంపెనీ యాప్ ద్వారానే మాట్లాడు ఏర్పాటు చేయబడినది. ఆ ఇళ్ళలో మా అక్కది ఒకటి. ఆమెను చేర్పించినది నేనే. "వద్దురా, నాకు ఇదే అలవాటు" అంది. "ఏం కాదక్కా, పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినిపిస్తుంది" అని ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని నేనే మార్చాను.

3. యాభై ఎనిమిది రోజుల క్రిందట, బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ పేటలో కరెంటు పోయినది. ఇళ్ళలో ఇంటర్నెట్ పెట్టెలన్నీ ఒక్కసారే ఆగిపోయినవి. అందరి ఫోన్ల ఇంటర్నెట్టూ ఉన్న ఒక్క టవరు మీద పడగా అది చేతులెత్తేసినది.

మా బావ లిఫ్టుల మెకానిక్. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో టేబుల్ ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు జారింది. తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడు. మూతి ఒకవైపు లాగేసింది.

అక్క అత్యవసర నంబరు నొక్కింది. తెర మీద "కనెక్ట్ అవుతోంది" అని చక్రం తిరిగింది. ఆపి మళ్ళీ నొక్కింది. చక్రం తిరిగింది. అయ్యా, పదకొండు నిమిషాలు తిరిగింది. చుట్టుపక్కల తలుపులు కొడితే, అవీ ప్రయోగంలోని ఇళ్ళే, ఎవరి ఫోనైనా అంతే. కరెంటు లేక లిఫ్టు ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పితో నాలుగు అంతస్తులు దిగి, కింద పళ్ళ డాక్టరు క్లినిక్కులో ఉన్న పాత తీగ ఫోను పట్టుకుంది. "ఆ కౌంటర్లో అమ్మాయి నా మొహం చూసి ఏమీ అడగలేదురా. ఫోన్ నా చేతిలో పెట్టేసింది" అని ఇప్పటికీ చెబుతుంది.

ఆసుపత్రిలో డాక్టరు గారు "ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే" అని ఆగిపోయారు. బావ బతికాడు. కుడి చెయ్యి లేవదు. అక్కను పిలవబోతాడు, మాట రాదు, ఏడుస్తాడు.

4. ఆ సమయమునకు నేను మా డైరెక్టర్ల ఎదుట నిలబడి, గిరాకీ ఎలా పైకి పోవునో గోడ మీద గీత చూపించుచున్నాను. నాలుగూ పదికి బల్ల మీద నా ఫోన్ గజగజ వణికింది. ఏడు మిస్డ్ కాల్స్. ఏడూ అక్కవే. ఏడూ గంట క్రితం చేసినవే, ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. "ఆ నంబరు పోకపోతే నీకు చేశాను. ఫోన్ల ఆఫీసులో వాడివి కదా, నీకైనా మోగుతుందనుకున్నా" అంది తర్వాత.

5. మరునాడు మా విభాగాధిపతికి చెప్పుకొంటిని. "ఒక్క ఇల్లయ్యా! ఒక్క ఇంటిని పట్టుకుని మార్కెట్ అంచనా మార్చేస్తామా?" అన్నాడు. నా బల్ల దగ్గరకు వచ్చేశాను. వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఆ మధ్యాహ్నపు రికార్డులు తెరిచి, వారం పాటు రోజూ చూశాను. కరెంటు లేని ఆ గంటలో, ప్రయోగంలో ఉన్న ఇళ్ళ నుంచి అత్యవసర నంబరు కోసం ప్రయత్నించిన ఫోన్లు నాలుగు. ఒకటి అక్కది. మిగతా మూడింటిలో రెండు మర్నాటి నుంచి మామూలుగానే మాట్లాడుకుంటున్నాయి. మూడోది ఆ బుధవారం తర్వాత, నేను చూసినంత వరకు, ఎవరికీ కాల్ చేయలేదు.

అది ఎవరి ఇల్లో నాకు తెలియదు. చిరునామా అడిగితే గోప్యత అన్నారు. అప్పటి నుంచి ఆ రికార్డులు నాకు తెరుచుకోవడమే మానేశాయి.

6. పిదప తుది నివేదిక నా సంతకమునకు వచ్చినది. చివరి వాక్యంలో "దాదాపు" లేదు. "పాత పద్ధతి కాల్స్ అవసరం ఉండదు" అని మాత్రమే ఉన్నది. నేను చూశాను. చూడలేదని చెప్పను. విభాగాధిపతి తన పెన్ను మూత తీసి నాకందిస్తూ, "ఏం, ఇంట్లో అందరూ కులాసానేనా?" అన్నాడు. బావ సంగతి తెలిసి పరామర్శించాడో, తెలిసే బెదిరించాడో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. సంతకం పెట్టాను.

అయ్యా, బావ ఆసుపత్రి మంచం మీద ఉండగానే పెట్టాను. ఆ సంతకం చూపించే ఇప్పుడు నగరమంతా మారుస్తున్నారు. అప్పటినుంచి ఫోన్ మోగితే భయం, మోగకపోతే అంతకన్నా భయం. బస్సులో పక్కన ఎవరైనా ఫోన్ తీస్తే, వెళ్తుందా వెళ్ళదా అని వాళ్ళ తెర వైపే చూస్తూ కూర్చుంటున్నాను.

7. కావున తమరు దయయుంచి, ఇంటర్నెట్ ఆగినా అత్యవసర నంబరు పాత పద్ధతిలో మోగు ఏర్పాటు జరుగు వరకు ఈ మార్పును నిలిపించ ప్రార్థన. ఆ నాలుగు ఫోన్ల రికార్డులను వెంటనే స్వాధీనం చేసుకొన ప్రార్థన. తొంభై రోజులు దాటిన రికార్డులు వాటంతట అవే చెరిగిపోవును. ఇక ముప్పై రెండు రోజులే ఉన్నవి. ఆ మూడో ఇంటి తలుపు ఎవరైనా వెళ్ళి తట్టాలి. నాకు ధైర్యం చాలదు. తమరైనా ఎవరినైనా పంపండి.

గిరాకీ గురించి నేను రాసినదంతా నిజమే. దానికి అడ్డు చెప్పడం లేదు. మిగిలిన ఆ నాలుగు కాల్స్ సంగతి మాత్రము చిత్తగించి ఆజ్ఞ ఇప్పించ వేడుకొనుచు,

భయపడుతూనే రాసిన తమ విధేయుడు,
మార్కెట్ అంచనాల విభాగపు ఉద్యోగి

తా.క.: అయ్యా, ఇలాంటి అర్జీలను "తగు చర్య నిమిత్తం" ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళకే పంపించడం మామూలని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకని నా పేరున్న జత కాగితం తీసేసి మిగతాదే వాళ్ళకు పంపమని తమరిని కోరుతూ నిన్న ఇక్కడ రాశాను. ఉదయం అక్కకు చదివి వినిపించాను. నివేదిక రాసింది నేనేననీ, సంతకం పెట్టింది నేనేననీ ఆమెకు అప్పుడే తెలిసింది. లేచి లోపలికి వెళ్ళింది. బావ మొహం తుడిచి వచ్చి, "పేరు లేకపోతే ఆకాశరామన్న ఉత్తరమని చింపి పారేస్తారు. పేరు ఉంచు" అంది.

"భయంగా ఉందక్కా" అన్నాను.

"అయితే కింద నా పేరు కూడా రాయి. నేనూ పెడతాను సంతకం" అంది.

కాబట్టి నిన్న రాసిన ఆ మాట కొట్టేశాను, జతపరచిన కాగితం మీద రెండు సంతకాలు ఉన్నాయి. వంకరగా పడింది నాది.