ఇంటి బొమ్మ నొక్కితే

కరీంనగర్

వినోదా,

మీ ఆయన పరశురాములు కోసం ఎంబసీకి అర్జీ రాసిపెట్టమన్నావు. రాసే ముందు నీకొకటి చెప్పాలి. గల్ఫ్‌లో డ్రైవర్ పనికి పోయేటప్పుడు ఆయన ఫోన్‌లో దారి చూపే నావిగేటర్‌లో, పని ఇచ్చే సేటు ఇంటి చిరునామా పెట్టిచ్చింది నేనే. "దారి తప్పితే ఈ ఇంటి బొమ్మ నొక్కు, చాలు" అని నేర్పాను. పారిపోవాల్సిన రోజు వస్తుందని నాకు తట్టలేదు.

సేటు ఇనుప కడ్డీతో తల పగలగొడితే కారు తీసుకుని పారిపోయాడు. ఎడారిలో దారి తెలియక, నెత్తురు కళ్ళలోకి కారుతుంటే, అలవాటుగా ఆ బొమ్మే నొక్కాడు. అది మళ్ళీ సేటు గేటు ముందుకే తెచ్చింది. అక్కడే రెండు మోకాళ్ళూ విరగ్గొట్టారు.

నిన్న ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "మీరు చెప్పినట్టే నొక్కిన అక్కా, ఒక్క మలుపు గూడ తప్పలే" అన్నాడు. తిట్టాడో, ఓదార్చాడో తెలియడం లేదు.

ఇది చదివాక కూడా నన్నే రాయమంటే, అర్జీ రాస్తాను.

అక్క